అసర్ ఒకటా, రెండా? అజాన్ గడియారంతో మూడు నెలలు

షబే బరాత్ పండగ మర్నాడు చిత్తూరు బజారు వీధిలో అత్తర్లు, టోపీలు, జానమాజులు (నమాజు చాపలు) అమ్మే ఒక చిన్న దుకాణంలో ఈ గోడ గడియారం కొన్నాను. 2,400 రూపాయలు చెప్పి 2,250కి ఇచ్చారు. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి నాలుగైదు పేర్లతో వస్తున్నాయి, లోపలి మెనూలు ఇంచుమించు ఒకటే. ఏది కొన్నా మీరూ నేను పడ్డ తిప్పలే పడతారు కాబట్టి పేరుతో పనిలేదు.

ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇల్లు కట్టమంచిలో. మసీదు మరీ దూరమేమీ కాదు గానీ గాలి అటు తిరిగిందంటే అజాన్ వినిపించదు. వినిపించినా మా ఇంట్లో ఫ్యాను, మిక్సీ, టీవీ కలిసి దాన్ని మింగేస్తాయి. ఫజర్‌కు, అంటే తెల్లవారుజాము నమాజుకు, లేపేది ఏదైనా చూడమని మా ఆవిడ రెండేళ్లుగా అంటోంది. ఫోనులో ఉచితంగా వచ్చేదానికి రెండు వేలు ఎందుకు పోశారని మా అబ్బాయి విసుక్కున్నాడు. ఫోను నాతోపాటే బయటికి పోతుంది. గడియారం ఇంట్లో ఉన్నవాళ్లకోసం ఇంట్లోనే ఉంటుంది. వాడికి ఆ మాటే చెప్పాను.

మంచి ముందు చెప్పాలి. అంకెలు పెద్దవి, ఎర్రగా, వంటింటి గుమ్మంలోంచి కూడా కళ్లజోడు లేకుండా కనిపిస్తాయి. అయిదు నమాజుల వేళలు (తెల్లవారుజామున ఫజర్, మధ్యాహ్నం జుహర్, పొద్దు వాలాక అసర్, పొద్దు మునగగానే మగ్రిబ్, రాత్రి ఇషా), సూర్యోదయం, హిజ్రీ తేదీ, గదిలో వేడి, అన్నీ ఒకే పలక మీద ఉన్నాయి. కరెంటు పోతే లోపలి బిళ్ల బ్యాటరీ సమయాన్ని గుర్తుంచుకుంటుంది. మూడు నెలల్లో ఎన్నిసార్లు కరెంటు పోయిందో లెక్కపెట్టలేదు గానీ ఒక్కసారి కూడా మళ్లీ సరిచేయాల్సి రాలేదు. అజాన్ గొంతు గరగరలాడదు.

గొంతులు మూడు ఇచ్చారు: మక్కా, మదీనా, అల్ అఖ్సా. మా ఆవిడకు మూడోది నచ్చింది, పెట్టాం. మర్నాడు తెల్లవారుజామున పడుకునే వింటున్నాను, ఏదో వెలితి. "హయ్య అలల్ ఫలాహ్" తరువాత "అస్సలాతు ఖైరుమ్ మినన్నౌమ్" రాలేదు. నిద్ర కంటే నమాజు మేలు అనే ఆ మాట ఫజర్ అజాన్‌లో మాత్రమే ఉంటుంది. మొదటి రెండు గొంతులకు ఫజర్ అజాన్ విడిగా ఎక్కించారు, మూడోదానికి మామూలు అజాన్‌తోనే సరిపెట్టేశారు. నిద్ర లేపడానికి కొన్న గడియారం నిద్ర గురించిన ఆ ఒక్క మాటనే మింగేసింది. మదీనా గొంతుకు మార్చుకున్నాం. మీరు కొనేటప్పుడు దుకాణంలోనే ఫజర్ మోగించి వినండి.

ఇక తిప్పల సంగతి. గడియారాన్ని పెట్టెలోంచి తీసి కరెంటు ఇవ్వగానే మక్కా సమయం చూపించింది. ఊరు మార్చాలి. భారతదేశం కింద ఢిల్లీ, ముంబయి, హైదరాబాదు, చెన్నై, ఇంకొన్ని పట్టణాలు ఉన్నాయి. చిత్తూరు లేదు, తిరుపతి కూడా లేదు. దగ్గరిదే కదా అని చెన్నై నొక్కాను. ఆ సాయంత్రం మా గడియారం మగ్రిబ్ అజాన్ ఇచ్చి, నేను వజూ చేసి (నమాజు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని), జానమాజు పరిచి నిలబడేసరికి అప్పుడు మసీదు మైకు మోగింది. మర్నాడూ అంతే. అయిదు నిమిషాలు.

లెక్కల అయ్యవారికి ఇది చిన్నపిల్లల లెక్క. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, డిగ్రీకి 4 నిమిషాలు. చెన్నై రేఖాంశం 80.27, మనది 79.10. తేడా 1.17 డిగ్రీలు. అంటే మన సూర్యుడు చెన్నై సూర్యుడి కంటే 4 నిమిషాల 40 సెకన్లు ఆలస్యంగా మునుగుతాడు. మామూలు రోజుల్లో ఇదేమంత పెద్ద సంగతి కాదు. రంజాన్‌లో అలా కాదు. పొద్దంతా పస్తుండి, పొద్దు పూర్తిగా మునగక ముందే ఖర్జూరం నోట్లో వేసుకుంటే ఆ రోజా (ఉపవాసం) చెడిపోయినట్టే, మళ్లీ ఒక రోజు ఉండాలి. ఈ గడియారాన్ని చెన్నై మీద ఉంచి నెలంతా ఇఫ్తార్ చేసిన ఇల్లు మన జిల్లాలో ఎక్కడో ఒకటి ఉండే ఉంటుందని నా భయం.

దారి ఉంది. అక్షాంశం, రేఖాంశం మనమే ఎక్కించుకోవచ్చు. కుడివైపు రెండో బొత్తం అయిదు సెకన్లు నొక్కిపెట్టాలి, వాడకం కాగితంలో ఈ ముక్క పద్నాలుగో పేజీలో ఎక్కడో ఉంది. చిత్తూరుకు 13.22 ఉత్తరం, 79.10 తూర్పు, సమయమండలం 5.5. ఆ రోజు నుంచి మగ్రిబ్ మసీదుతో కలిసింది.

మగ్రిబ్ కుదిరింది, ఇషా కుదరలేదు. గడియారంలో 7:48, మసీదు వేళల కాగితంలో 7:31. మళ్లీ మెనూలోకి వెళ్లాను. "పద్ధతి" అనే చోట అయిదు పేర్లు: ఉమ్ముల్ ఖురా, కరాచీ, ఈజిప్టు, ముస్లిం వరల్డ్ లీగ్, ఉత్తర అమెరికా. ఏది ఎవరికో, ఎందుకో కాగితంలో ఒక్క ముక్క లేదు. ఇవన్నీ ఒకే ప్రశ్నకు అయిదు జవాబులు: సూర్యుడు దిగంతం కింద ఎన్ని డిగ్రీలు ఉన్నప్పుడు తెల్లవారే వెలుగు మొదలైనట్టు, ఎన్ని డిగ్రీలు దిగాక సంధ్య ముగిసినట్టు? కరాచీ లెక్కలో రెంటికీ 18. ఈజిప్టు ఫజర్‌కు 19.5, ఇషాకు 17.5 అంటుంది. ఉత్తర అమెరికా పద్ధతిలో రెంటికీ 15. ఉమ్ముల్ ఖురా సౌదీ వాళ్లది. అందులో ఇషాకు డిగ్రీల గొడవే లేదు, మగ్రిబ్ తరువాత 90 నిమిషాలు, రంజాన్‌లో 120. గడియారం దుకాణం నుంచి దాని మీదే వచ్చింది. అలాగే వదిలేస్తే రంజాన్‌లో 6:20కి రోజా విడిచిన మనిషికి అది ఇషా అజాన్ 8:20కి ఇస్తుంది. ఇక్కడ అప్పటికి తరావీహ్ (రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజు) సగం అయిపోతుంది. మన ప్రాంతానికి కరాచీ పెట్టుకోవాలి. ఆ పేరు చూసి వెనకాడకండి, ఆకాశంలో 18 డిగ్రీలకు ఏ దేశమైనా ఒకటే.

ఈ డిగ్రీలను గంటలు నిమిషాలుగా మార్చడానికి గడియారం లోపలి చిప్పు సైను, కొసైను వాడుతుంది. సైనును ఆర్యభటుడు జ్య అన్నాడు, దానికే జీవ అని ఇంకో పేరు. బాగ్దాద్ నగరాన్ని 762లో కట్టించిన ఖలీఫా మన్సూర్ కాలంలో మన దేశపు జ్యోతిర్గణితం అరబ్బీలోకి వెళ్లింది. "జీవ" అక్కడ "జీబ" అయి, రాతలో "జైబ్" అయింది. జైబ్ అంటే వాళ్లకు వస్త్రం మడత. లాటిన్‌లోకి మార్చినవాళ్లు దాన్ని మక్కీకి మక్కీ సైనస్ అన్నారు. పదో తరగతి పిల్లలకు ఈ కథ చెబితే అప్పటివరకూ కునికేవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. ఆ జ్యతోనే తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ అక్షాంశానికి నమాజు వేళల పట్టికలు వేశారు. అవి అల్ ఖ్వారిజ్మీ పేరుతో ఉన్నాయి. అల్గారిథం అనే మాటకు మూలమైన మనిషి ఆయనే. మమ్లూకు సుల్తానుల ఈజిప్టులో, సిరియాలో పెద్ద మసీదులకు "మువఖ్ఖిత్" అనే ఉద్యోగి ఉండేవాడు, పని వేళలు లెక్కగట్టడమే. దమస్కస్ ఉమయ్యద్ మసీదులో ఆ పని చేసిన ఇబ్న్ అష్షాతిర్ 1371లో అక్కడి మినారు మీదకు ఒక నీడ గడియారం చేసిపెట్టాడు. చంద్రుడి గమనానికి ఆయన వేసిన లెక్కే నూటయాభై ఏళ్లకు పైగా గడిచాక కోపర్నికస్ పుస్తకంలో కనిపిస్తుంది. అంత పెద్ద పనిని ఇప్పుడు 2,250 రూపాయలకు గోడకు తగిలించి, కింద పద్నాలుగు పేజీల అర్థంకాని కాగితం పెట్టారు. నా కోపమంతా కాగితం మీదే.

అసలు రచ్చ అసర్ దగ్గర.

మెనూలో "అసర్" ఎదురుగా 1, 2 అని రెండు అంకెలు ఉన్నాయి, అంతే. దుకాణం నుంచి 1 మీద వచ్చింది. మొదటి రోజు మధ్యాహ్నం మూడు ముప్పావు దాటాక అజాన్ మోగగానే నిద్రలోంచి లేచి "ఇదేమిటి, ఇప్పుడే అసర్ ఏమిటి" అని తిట్టుకుంటూ 2 చేశాను. 4:42 చూపించింది. మసీదు కాగితంతో సరిపోయింది. పని అయిపోయిందనుకున్నాను.

మా కోడలిది కాయల్‌పట్నం. తూత్తుకుడి దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. పెళ్లై ఏడాది దాటింది. మేము ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, ఆమెది తమిళం, ఇద్దరం మధ్యలో తెలుగులో కలుస్తాం. ఆమె తెలుగు ఏడాదిలో నా తమిళాన్ని ఎప్పుడో దాటిపోయింది. వాళ్లు షాఫియీలు, మేము హనఫీలు. సున్నీ ముస్లింలలో ఇమాముల పేర్లతో ఉన్న నాలుగు ఆచార పద్ధతుల్లో ఇవి రెండు. సంబంధం మాట్లాడేటప్పుడు ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నమాజులో రుకూకు (నడుము వంచడానికి) ముందు ఆమె చేతులెత్తుతుంది, మేము ఎత్తం. ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదివాక ఆమీన్ వాళ్ల ఊళ్లో గట్టిగా అంటారట, మేము మనసులో అనుకుంటాం. ఇవి మనిషి తనంతట తాను చేసుకునేవి. గడియారం అలా కాదు, ఇల్లంతటికీ ఒకేసారి చెబుతుంది.

ఆమె ఏమీ అనలేదు. రోజూ మూడు యాభైకి వంటింట్లో కుళాయి కట్టేసి లోపలికి పోతుంది, పావుగంట తరువాత వస్తుంది. నేను గమనించలేదు, మా ఆవిడ గమనించింది. "ఆ పిల్ల అసర్ ఎప్పుడో చదివేసుకుంటోంది. మీ గడియారం ఆమెకు ఎందుకూ పనికిరావడం లేదు" అంది.

మర్నాడు, ఫిబ్రవరి 13న, మేడ మీదకు ఎక్కాను. ప్లంబరు వదిలేసి వెళ్లిన నీళ్ల గొట్టం ముక్క ఒకటి ఉంటే రంపంతో సరిగ్గా 30 సెంటీమీటర్లకు కోశాను. నేల చదునుగా ఉన్నచోట నిలబెట్టి, దారానికి బోల్టు కట్టి వేలాడదీసి నిటారుగా ఉందో లేదో చూసుకున్నాను. 12:28కి నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంది: 15 సెంటీమీటర్లు. సుద్దముక్కతో గీత గీశాను. దీన్ని అసలు నీడ అంటారు, లెక్కలోకి ఇది అదనం. దానికి గొట్టం పొడవు ఒకసారి కలిపితే 45, రెండుసార్లు కలిపితే 75. ఆ రెండు పొడవులకూ నేల మీద సుద్దతో రెండు వంపులు గీశాను. నీడ కొస మొదటి వంపును 3:48కి తాకింది.

ఆరేసిన బట్టలు తీసుకోవడానికి కోడలు అప్పుడే పైకి వచ్చింది. కాసేపు చూసి, "మొదటి గీత నాదా మామా?" అంది.

"నీదేనమ్మా. రెండోది నాది. ఇంకా యాభై నాలుగు నిమిషాలుంది."

"అంతసేపు ఎండలో కూర్చుంటారా?" అని, బట్టల్లోంచి ఒక తువ్వాలు తీసి నా తల మీద వేసి దిగిపోయింది. 4:42కి నీడ కొస రెండో వంపు మీదకు వచ్చింది. గడియారం చూపించిన రెండు వేళలూ నిమిషం తేడా లేకుండా నిజం. యంత్రానికి నూటికి నూరు మార్కులు వేసింది ఆ ఒక్క రోజే.

ఆ 1, 2 అంకెలను కాగితంలో ఎవరూ వివరించలేదు కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను. ఖురాన్ నమాజును నిర్ణీత వేళల్లో చేయమంటుంది గానీ గంటలు, అడుగులు చెప్పదు. హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనాల్లో, ఒకటి ఉంది: దైవదూత జిబ్రీల్ రెండు రోజులు వచ్చి ప్రవక్త ముహమ్మద్ (స) చేత నమాజులు చేయించారు. మొదటి రోజు అసర్ వస్తువు నీడ దాని పొడవంత ఉన్నప్పుడు, రెండో రోజు రెండింతలు ఉన్నప్పుడు. వేళ ఈ రెంటి మధ్యది అని చెప్పారు. ఈ ఉల్లేఖనంతో పాటు మిగతా హదీసులనూ పక్కపక్కన పెట్టుకుని ఇరాక్‌లోని కూఫాలో ఇమాం అబూ హనీఫా (699–767) అసర్ రెండింతల నీడతో మొదలవుతుందన్నారు. మదీనాలో ఇమాం మాలిక్, తరువాత ఇమాం షాఫియీ, ఇమాం అహ్మద్ బిన్ హంబల్ ఒక ఇంతకే మొదలవుతుందన్నారు. ఇందులో నాకు చాలా ఇష్టమైన ముక్క ఒకటుంది. అబూ హనీఫాకు బాగా దగ్గరి శిష్యులు ఇద్దరు, అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ. ఈ విషయంలో వాళ్లిద్దరూ గురువుతో ఏకీభవించలేదు, ఒక ఇంతే అన్నారు. అయినా హనఫీలుగానే ఉన్నారు. గురువు మాట కాదన్నందుకు ఎవరూ వాళ్లను తరగతి బయట నిలబెట్టలేదు. తుర్కీలో హనఫీలే ఎక్కువ, అక్కడి అధికారిక వేళల పట్టికలో అసర్ ఒక ఇంత నీడకే ఉంటుంది. కాబట్టి 2 అంటే హనఫీ, 1 అంటే మిగతావాళ్లు అని గీత గీసినట్టు చెప్పడానికి కూడా లేదు.

అబూ హనీఫా పట్టుబట్టల వర్తకుడు. ఖలీఫా మన్సూర్ ఖాజీ (న్యాయమూర్తి) పదవి ఇస్తానంటే వద్దన్నందుకు జైలులో పెట్టించాడని, అక్కడే 767లో పోయారని చెబుతారు. ఆ ఏడాదే గాజాలో షాఫియీ పుట్టారు. ఆయన మదీనా వెళ్లి మాలిక్ దగ్గర చదివారు. బాగ్దాద్ వచ్చి, పైన చెప్పిన ముహమ్మద్ షైబానీ దగ్గర హనఫీల పుస్తకాలూ చదివారు. అంటే ఈ ఇమాములు మనం ఊహించుకునేట్టు ఎదురెదురు జట్లు కాదు, ఒకరి బడిలో ఒకరు కూర్చున్నవాళ్లు. ఏ మాటకు ఏది ఆధారం, ఒక ఆధారం ఇంకోదానితో తగిలితే దేన్ని ముందు చూడాలి అన్న నియమాలను ఒక పద్ధతిగా రాసి పెట్టినవారు షాఫియీ. లెక్కలో జవాబుకే కాదు, మెట్లకూ మార్కులు ఉంటాయని పిల్లలకు చెప్పేవాణ్ని. ఆయన మెట్ల మనిషి. ఈజిప్టు వెళ్లాక తన పాత అభిప్రాయాలు చాలా తానే మార్చుకున్నారు. 820లో అక్కడే పోయారు.

గురువుగారు వద్దన్న పదవిని శిష్యుడు అబూ యూసుఫ్ తీసుకున్నారు, హారూన్ రషీద్ దగ్గర ప్రధాన ఖాజీ అయ్యారు. హనఫీ పద్ధతి రాజ్యాల వెంట నడవడానికి అదొక పెద్ద కారణం. మధ్య ఆసియా తుర్కుల ద్వారా ఢిల్లీకి, ఢిల్లీ నుంచి దక్కనుకు, మొఘలుల వెనక ఆర్కాటు నవాబుల దాకా వచ్చి, చిత్తూరులో మా ముత్తాతల దగ్గర ఆగింది. షాఫియీ పద్ధతి యెమెన్ వైపు నుంచి పడవ ఎక్కింది. గుర్రాలు, మిరియాలు, ముత్యాల వర్తకుల వెంట మలబారుకు, కాయల్‌పట్నానికి, అటు మలయా, సుమత్రాలకు పోయింది. ఒకటి గుర్రం మీద, ఇంకొకటి పడవ మీద బయలుదేరి కట్టమంచిలో మా హాలు గోడ దగ్గర, ఒకే బొత్తం మీద కలుసుకున్నాయి.

మా మసీదు ఇమాం సాబ్ వేలూరు బాఖియాత్ సాలిహాత్ మదర్సాలో చదివినవారు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం, మన వైపు చాలా మసీదుల్లో అక్కడ చదివినవారే కనిపిస్తారు. కేరళ నుంచి షాఫియీలు కూడా అక్కడికి వచ్చి చదివి, పేరు చివర బాఖవీ అని పెట్టుకుంటారు. అందుకని రెండూ తెలిసిన మనిషి కదా అని ఆయన్నే అడిగాను, గడియారం దేనిమీద పెట్టాలని. ఆయన ముందు మక్కా సంగతి చెప్పారు. ఒకప్పుడు కాబా చుట్టూ నాలుగు పద్ధతులకు నాలుగు చోట్లు ఉండేవి, నలుగురు ఇమాములు విడివిడిగా జమాత్ (సామూహిక నమాజు) నడిపేవారు. శతాబ్దాలు అలాగే సాగి, 1920లలో సౌదీ పాలన వచ్చాక ఒకే ఇమాం వెనక అందరూ నిలబడే పద్ధతి వచ్చింది. "కాబా దగ్గరే నాలుగు వేళలు నడిచాయి, మీ హాలులో రెండు నడిస్తే ఏమవుతుంది" అన్నారు. తరువాత నా వైపు తిరిగి, "సార్, మీకు అసర్ చెప్పడానికి మా మైకు ఉంది. ఈ ఊళ్లో ఆ అమ్మాయికి ఎవరు చెబుతారు?" అని అడిగారు.

ఇంటికి వచ్చి 1 చేశాను.

ఇది పూర్తిగా కుదిరిందని చెప్పను. ఒకే గడియారంలో రెండు అసర్‌లు పెట్టుకునే వీలు లేదు, అది ఈ యంత్రంలో నిజమైన లోపం. చిన్న ఖర్చుతో పోయేది, ఎందుకు పెట్టలేదో తెలియదు. గాలి ఎదురుగా ఉన్న రోజుల్లో నాకు మైకు వినిపించదు. అప్పుడు గడియారం మోగిన గంటకు లేస్తాను. అది నాకు అలవాటైంది. మా ఆవిడ మాత్రం మొదటి అజాన్‌కే జానమాజు పరిచేస్తోంది. అబూ యూసుఫ్ అలాగే అన్నారని నేనే ఒకరోజు చెప్పాను, ఇప్పుడు నన్ను ఆ మాటతోనే నోరు మూయిస్తోంది.

హిజ్రీ తేదీ గురించి. గడియారం సౌదీ క్యాలెండరు ప్రకారం నడుస్తుంది, మనకంటే ఒకరోజు ముందు. దాన్ని ఒకటి తగ్గించే బొత్తం ఉంది. కానీ మన నెల 29 రోజులకు ముగుస్తుందా, 30కా అన్నది నెలవంక కనిపించడాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ప్రతి నెలా చూసుకోవాల్సిందే. పక్కింటి పురోహితులు ఒకసారి వచ్చి ఈ తేదీ చూసి, మీకు అధిక మాసం లేదా అని అడిగారు. లేదండీ, ఒకప్పుడు అరబ్బుల్లో నెలలను ముందుకు వెనక్కు జరిపే ఆచారం ఉండేది, ఖురాన్ దాన్ని కాదంది అన్నాను. ఏడాదికి 12 నెలలు, దాదాపు 354 రోజులు, అందుకే రంజాన్ ఏటా పదకొండు రోజులు వెనక్కు జరుగుతూ అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. లెక్క హిజ్రత్ నుంచి, అంటే ప్రవక్త మక్కా విడిచి మదీనా వెళ్లిన 622 నుంచి మొదలుపెట్టింది రెండో ఖలీఫా ఉమర్. ఉత్తరాల మీద నెల రాస్తున్నారు, ఏ ఏడాదో తెలియడం లేదని ఫిర్యాదు వచ్చాక ఆ ఏర్పాటు చేశారంటారు. పురోహితులు అంతా విని, "మా దగ్గర దృక్కు పంచాంగం వేరు, వాక్య పంచాంగం వేరు, ఏకాదశి ఒక్కోసారి రెండు రోజులు వస్తుంది. మీ దగ్గర నీడ. అంతే కదా సార్" అని కాఫీ తాగి వెళ్లారు.

దిక్సూచి దండగ. గడియారం కింద పీఠంలో ఖిబ్లా (నమాజులో తిరగాల్సిన కాబా దిక్కు) కోసం చిన్న ముల్లు పెట్టారు, దాని పక్కనే స్పీకరు పెట్టారు. స్పీకరులో అయస్కాంతం ఉంటుందని ఆరో తరగతి పిల్లవాడికి తెలుసు. ముల్లు మా ఇంట్లో ఉత్తరాన్ని ఈశాన్యంలో చూపిస్తోంది. కావాలంటే లెక్క ఇదిగో: చిత్తూరు నుంచి కాబా నేరుగా పడమర కాదు, పడమటికి 18 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. మన పెద్దలు పడమర తిరిగి చదివేవారు, దూరాన ఉన్నవారికి దిక్కు ఉంటే చాలని చాలామంది పండితులు చెప్పిన మాటే వాళ్లకు ఆధారం. అంత కచ్చితంగా కావాలనుకున్నవారు పదకొండో శతాబ్దంలోనే ఉన్నారు. అల్ బీరూనీ ఘజ్నీ నుంచి ఖిబ్లా దిక్కు తేల్చడానికి ఊళ్ల అక్షాంశ రేఖాంశాలను కొలిచి ఒక పుస్తకమే రాశాడు. ఆయనకు ఈ దిక్సూచి చూపించకుండా ఉంటే మంచిది.

రంజాన్ నెలంతా గడియారం ఒక్కరోజు కూడా తప్పలేదు. సహరీ (రోజాకు ముందు తెల్లవారుజాము భోజనం) వేళ ముగియడానికి ముందు లేపే అలారం విడిగా ఉంది, పది నిమిషాల నుంచి గంటన్నర దాకా పెట్టుకోవచ్చు. గంట ముందుకు పెట్టుకున్నాం. దాని మోత మరీ కటువుగా, పాలవ్యాను వెనక్కు వస్తున్నట్టు ఉంటుంది. పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు ఆలోచించుకోండి. శబ్దం తగ్గించే బొత్తం అజాన్‌కే పనిచేస్తుంది, దీనికి పనిచేయదు.

పండగ అయిన వారానికి ఆ దుకాణం ముందు నుంచి వెళ్తుంటే యజమాని పిలిచి కూర్చోబెట్టాడు. గడియారాలు పదిహేను అమ్మితే ఎనిమిది మంది వెనక్కు తెచ్చారట, వేళలు తప్పు చూపిస్తున్నాయని. తప్పు చూపించడం లేదు, మీరు చెన్నై పెట్టి ఇస్తున్నారు అన్నాను. ఒక తెల్లకాగితం అడిగి అక్కడే కూర్చుని తెలుగులో రాసిచ్చాను: బొత్తం ఎంతసేపు నొక్కాలి, అంకెలు ఏవి, పద్ధతి ఏది, తేదీ ఎలా తగ్గించాలి, దిక్సూచిని ఎందుకు నమ్మకూడదు. అతను అది చదువుకుంటూ అసర్ దగ్గర ఆగాడు. ఒకటి, రెండు అని రెంటికీ అర్థం రాశాను గానీ ఏది నొక్కాలో రాయలేదు.

"ఇక్కడ ఖాళీగా వదిలేశారు సార్. మన ఊరివాళ్లకు ఏది పెట్టి ఇవ్వమంటారు?"

"కొనేవాళ్లను అడుగు, కోడలు ఏ ఊరి పిల్ల అని."

అతను నవ్వి జిరాక్సు తీయించడానికి కుర్రవాణ్ని పంపాడు.